తిరునాళ్ళ ఫిడేలు ఇంటికొచ్చాక ఎందుకు మోగదు?

ఈ అనుభవం మీలో ఎంతమందికి ఉందో చేతులెత్తండి. తిరునాళ్ళలో ఒకాయన పొడుగాటి కర్రకి బోలెడు బుల్లి ఫిడేళ్ళు గుచ్చుకుని తిరుగుతుంటాడు. మట్టి పిడతకి కాగితం అంటించి, వెదురు పుల్ల గుచ్చి, ఒక తీగ లాగి కట్టిన ఫిడేలు. కమాను కూడా వెదురు బద్దే. ఆయన నడుస్తూ నడుస్తూ దాని మీద సినిమా పాటని పల్లవి, చరణాలతో సహా దించేస్తుంటాడు. మనం నాన్న చొక్కా పట్టుకుని లాగి, ఏడ్చి, కొనిపించుకుని, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని కమాను లాగితే.. "కీఁయ్".

అంతే. ఎన్నిసార్లు లాగినా "కీఁయ్". సాయంత్రానికి పిడత పగులుతుంది, మర్నాటికి తీగ తెగుతుంది, మూడోరోజుకి "మనకి సంగీతం రాదు" అని ఒక నిర్ణయానికి వచ్చేస్తాం. నేనైతే ఏడేళ్ళ వయసులో వచ్చేశా. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు సంగీతం జోలికి వెళ్ళలేదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కోడ్ రాసేటప్పుడు తప్ప.

మాది మంగళగిరి. ఫాల్గుణ మాసంలో లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు, కల్యాణం, మర్నాడు పున్నమికి రథం. ఆ రథం చూడ్డానికి ఎంత జనం వస్తారో, గాలిగోపురం కింద కొట్ల ముందు అంత జనం ఉంటారు. 153 అడుగుల ఎత్తు, 11 అంతస్తులు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు 1807-09 మధ్య కట్టించారు అని మా పాపకి చెప్పబోయా. దానికి గోపురం ఎత్తు అక్కర్లేదు. ఫిడేలాయన కావాలి.

సరే కొన్నాం. కొని, ఈసారి నేను ఏడేళ్ళప్పుడు చెయ్యని పని ఒకటి చేశా. "అన్నా, నీ చేతిలో పాట వస్తుంది, మా చేతిలో కీచుమంటుంది, కిటుకేంటి?" అని అడిగేశా. ఆయన నా మొహం వంక కాసేపు చూసి, చొక్కా జేబులోంచి పసుప్పచ్చ రంగులో గట్టి గుగ్గిలం ముక్క లాంటిది తీసి, మా కమాను దారాలకి అటూ ఇటూ నాలుగుసార్లు రుద్ది ఇచ్చాడు. "ఇది రుద్దాలి సార్. తీగని గట్టిగా నొక్కకూడదు, వేలు జార్చాలి" అన్నాడు.

ఇంతే!

పెద్ద వయొలిన్‌కి కూడా ఇదే పద్ధతి. కమానుకి రోజిన్ రుద్దకపోతే దారాలు తీగ మీద జారిపోతాయి. రోజిన్ ఉంటే తీగని కాస్త పట్టుకుని లాగి వదుల్తాయి, మళ్ళీ పట్టుకుని వదుల్తాయి. సెకనుకి కొన్ని వందలసార్లు జరిగే ఈ పట్టుకోడం-వదలడమే స్వరం. ఆ సంగతి తెలీక ముప్ఫై ఏళ్ళు నన్ను నేను సంగీతజ్ఞానం లేనివాడినని తిట్టుకున్నా. డాక్యుమెంటేషన్ లేకుండా ప్రోడక్ట్ రిలీజ్ చేస్తే ఏమవుతుందో మన ఫీల్డులోవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా :)

ఇప్పుడు అసలు విషయానికొస్తా. అదే పిడత, అదే తీగ. ఆయన చేతిలో ఉంటే వాయిద్యం, మా చేతిలో ఉంటే బొమ్మ. అంటే బొమ్మా వాయిద్యమా అన్నది వస్తువుని బట్టి కాదు, దానితో ఎంతసేపు కూర్చున్నాం, ఏం అడిగాం అన్నదాన్ని బట్టి అని నాకు అనిపిస్తోంది. ఈ మాట అనడానికి ముందు నేను చేసిన ఒక వెధవ పని కూడా చెప్పాలి.

ఆ తిరునాళ్ళలోనే మా పాప ఇంకోటి కూడా కొనుక్కుంది. టకటకల బండి. రెండు చక్రాలు, మధ్యలో కాగితం మూసిన మట్టి మూకుడు, దాని మీద రెండు పుల్లలు. తాడు కట్టి లాక్కెళ్తుంటే ఇరుసు తిరిగి, దానికున్న పళ్ళు పుల్లల్ని లేపి వదుల్తాయి. టకటక టకటక. హైదరాబాద్ వచ్చిన రెండో రోజు రాత్రి నేను హాల్లో కూర్చుని క్లయింట్ కాల్‌లో ఉన్నా. ప్రొడక్షన్‌లో ఏదో పడిపోయింది, అవతల పదిమంది ఉన్నారు. ఇది బండేసుకుని హాలు చుట్టూ ప్రదక్షిణలు. రెండుసార్లు సైగ చేశా. మూడోసారి మ్యూట్ చేసి, లేచి, బండి లాక్కుని బాల్కనీలోకి విసిరేశా. పిల్ల ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వెళ్ళి గదిలో పడుకుంది.

అదే పిల్లకి పన్నెండు వేలు పెట్టి కీబోర్డు కొన్నది నేనే. వారానికి రెండు క్లాసులు, గ్రేడ్ పరీక్షలు. దాని మీద ధూళి తుడవడం మా ఆవిడ వంతు. శబ్దం చెయ్యమని డబ్బులిచ్చేదీ మనమే, శబ్దం చేస్తే కసిరేదీ మనమే!

మర్నాడు క్షమాపణగా ఇద్దరం కూర్చుని ఇంట్లో మోగేవన్నీ ఏరడం మొదలెట్టాం. ఆ వేసవి సెలవలకి మంగళగిరి వెళ్ళేసరికి అదో పిచ్చిగా ముదిరింది. మా నాన్న చేతికి పని దొరికింది. కొబ్బరాకు చీల్చి చుట్టి బూర చేశాడు, మొదటిది ఊదగానే పక్కింటి కుక్క మొరిగింది. తమాషా ఏంటంటే ఈ కొబ్బరాకు బూరా, పెళ్ళిళ్ళలో సన్నాయీ లోపల ఒకటే. రెండు పల్చటి రేకులు పక్కపక్కన వణుకుతాయి, మిగతాదంతా గొట్టం పని. మొలకెత్తిన మామిడి టెంకలోంచి జీడి తీసి రాయి మీద అరగదీస్తే ఇంకో పీక. బొప్పాయి ఆకు కాడలు పొడుగువి, పొట్టివి కోస్తే పొడుగు కాడది బొంగురు గొంతు, పొట్టిదాని గొంతు సన్నం. దువ్వెనకి పల్చటి కాగితం చుట్టి పెదాలకానించి "ఊఁ" అంటే మన గొంతే తేనెటీగలా మారిపోతుంది. గుంటూరు వాళ్ళం కాబట్టి డబ్బాలో ఎండు మిరపకాయలు వేసి కూడా ఆడించాం. లోపల గింజల గలగల అద్భుతంగా ఉంటుంది కానీ మూత గట్టిగా పెట్టుకోండి. మేం పెట్టలేదు. ఆ రికార్డింగులో చివరి నిమిషమంతా తుమ్ములే.

ఫోన్‌లో రికార్డ్ చెయ్యడం, ఆడాసిటీలో వేసి సగం వేగానికి తగ్గించడం, ముక్కలు కోసి లూప్ చెయ్యడం.. ఇదీ మా పని. సగం వేగానికి దించితే స్టీలు గ్లాసు గుడి గంటవుతుంది. నమ్మకపోతే మీరే చేసి చూడండి.

ఇదంతా పిల్లలాట అని కొట్టిపారెయ్యకుండా కాస్త వెతికితే తెలిసిందేంటంటే, దీని మీద బతుకంతా పెట్టినవాళ్ళున్నారు. జాన్ కేజ్ అనే అమెరికన్ 1948లో బొమ్మ పియానో కోసం ఒక సూట్ రాశాడు. మొత్తం రచనకి తొమ్మిదే తొమ్మిది తెల్ల మెట్లు. బొమ్మ పియానోలో తీగలుండవు, చిన్న సుత్తులు లోహపు కడ్డీల్ని కొడతాయి, అందుకే ఆ గొంతు పియానోలా కాకుండా చిరుగంటల్లా ఉంటుంది. సింగపూర్‌లో పుట్టిన మార్గరెట్ లెంగ్ టాన్ అయితే పెద్ద పియానోలో పట్టా తీసుకుని మరీ బొమ్మ పియానో ముందు కూర్చుంది. 1997లో దాని మీద ఓ ఆల్బమ్ కూడా చేసింది. ఆవిడ వాయిస్తుంటే ఎవరూ "అబ్బ ఎంత ముద్దుగా ఉందో" అనరు, నోరు మూసుకుని వింటారు.

మన ఇంజనీర్లకి ఇంకా నచ్చే మనిషి రీడ్ గజాలా. 1960ల్లో కుర్రాడిగా ఉన్నప్పుడు, వెనక మూత లేని బ్యాటరీ ఆంప్లిఫయర్ ఒకటి ఇతని టేబుల్ సొరుగులో లోహానికి తగిలి షార్టయింది. వింత వింత శబ్దాలొచ్చాయట. మనమైతే బగ్ అని మూసేస్తాం. ఇతను కావాలని షార్ట్ చెయ్యడం నేర్చుకున్నాడు. తరవాత దానికి సర్క్యూట్ బెండింగ్ అని పేరు పెట్టాడు. మేం కూడా ఒక ప్లాస్టిక్ బొమ్మ ఫోను విప్పాం. చౌకరకం బొమ్మల్లో చాలావాటికి పాట వేగాన్ని నిర్ణయించేది ఒక బుల్లి రెసిస్టర్. దాని విలువ పెంచితే పాట మెల్లగా, బొంగురుగా సాగుతుంది. తడి వేలు ఆనిస్తే గొంతు జారుతుంది, తీస్తే మళ్ళీ మామూలు. (బ్యాటరీ బొమ్మల్తో మాత్రమేనండోయ్. గోడ ప్లగ్గుకి తగిలించేవాటి జోలికి పిల్లల్తో వెళ్ళకండి.)

ఇవన్నీ తెల్లవాళ్ళ వేషాలు అంటారా? అయితే ఇంటికి దగ్గర్లోకే వద్దాం. బుర్రకథ నాజర్‌గారి ఊరు పొన్నెకల్లు, మా గుంటూరు జిల్లానే, మాకు ఎంతో దూరం కాదు. 1986లో పద్మశ్రీ వచ్చింది. పల్నాటి యుద్ధం, బెంగాల్ కరువు కథలు చెప్తూ వేల జనాన్ని కదలకుండా కూర్చోబెట్టిన మనిషి. బుర్రకథకుడి బొటనవేలికి ఏముంటుందో ఎప్పుడైనా గమనించారా? అందె. బోలు లోహపు కడియం, లోపల చిన్న గుండ్లు. చేతిలో ఉన్న ఇంకో అందెతో దాన్ని కొడుతూ తాళం వేస్తాడు. కొలతలు పక్కన పెట్టి చూస్తే అది పసిపిల్లల గిలక్కాయే! గిలక్కాయని నాజర్ పట్టుకుంటే ఎవరూ నవ్వలేదు.

దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెర కూడా చూడండి. ఎండిన బుర్రలు, వెదురు, తీగ, మైనం. 2022లో పద్మశ్రీ వచ్చేదాకా మన అపార్ట్‌మెంట్ల కింద అది వినిపిస్తే వాచ్‌మన్ చేత పంపించేసి ఉండేవాళ్ళం. మాండలిన్ శ్రీనివాస్ పాలకొల్లు కుర్రాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళు. ఆ వాయిద్యం మీద గమకాలు పలకవు, అది కర్ణాటక సంగీతానికి పనికిరాదు అన్న పెద్దలున్నారు. ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని పలికించి చూపించాడు. మాండలిన్ బొమ్మ కాదు, ఒప్పుకుంటా. కానీ "ఇది వాయిద్యమేనా?" అనే ప్రశ్న దాన్నీ వదల్లేదు అని చెప్పడం నా ఉద్దేశం.

నా అసలు గొడవ వేరే ఉంది. ఈసారి తిరునాళ్ళలో వరసగా కొట్లు చూసుకుంటూ వెళ్ళాం. పది కొట్లలో తొమ్మిదింట్లో ప్లాస్టిక్, చిప్పు, బటన్. నొక్కితే పాట. గట్టిగా నొక్కినా అదే పాట, మెల్లగా నొక్కినా అదే పాట, నువ్వు నొక్కినా నేను నొక్కినా అదే పాట. టకటకల బండి అలా కాదు. మెల్లగా నడిస్తే మెల్లగా, పరిగెడితే పరుగు. మలుపు తిరిగితే తాళం తప్పుతుంది. అంటే తాళం నా కాళ్ళలో ఉంది. చిప్పు బొమ్మ మనకి ఎక్జిక్యూటబుల్ ఒక్కటే ఇచ్చి సోర్స్ దాచుకున్నట్టు. పిల్ల దానికి రన్ బటన్ నొక్కే ఆపరేటర్ మాత్రమే. మూడోరోజుకి విసుగొచ్చి పడేస్తే "మా వాడికి దేనిమీదా నిలకడ లేదండీ" అని మళ్ళీ వాడినే అంటాం.

ఇక్కడ ఖరీదు సమస్య కూడా కాదు. ఫిడేలు అరవై రూపాయలు. నలభైకి ఇస్తావా అని బేరమాడినవాడు నా ముందున్నాడు, చేతిలో ఫోను నా ఫోను కన్నా ఖరీదైంది. రోజుకి ఎన్ని అమ్ముడవుతాయి అనడిగితే ఫిడేలాయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన పిల్లలు ఇది నేర్చుకున్నారా అని అడగబోయి మానుకున్నా. నా పిల్లకి నేనేం నేర్పానని అడగడానికి?

ఏటికొప్పాక లక్కబొమ్మలకి సీవీ రాజుగారు సహజ రంగులు తిరిగి తెచ్చారు కాబట్టి, 2017లో జీఐ గుర్తింపు వచ్చింది కాబట్టి, అంకుడు కర్ర గిలక్కాయలు ఇవాళ మన డ్రాయింగ్ రూముల్లోకి వచ్చాయి. సంతోషమే. కానీ అద్దాల బీరువాలోకి వచ్చాయి. మొన్న ఒక ఫ్రెండ్ ఇంట్లో మా పాప అలాంటి గిలక తీసి ఆడించబోతే "అది షోకి పెట్టిందమ్మా" అన్నారు. గిలక్కాయ షోకేంటి!?

ఇక మా ఆఫీసు సంగతి. యాన్యువల్ డేకి పేరు ఇచ్చా. ఫారంలో వాయిద్యం అన్న చోట కీబోర్డు, గిటారు, వీణ, తబలా, ఇతరములు. ఇతరములు టిక్ పెట్టి "కొబ్బరాకు బూర, దువ్వెన, మట్టి ఫిడేలు, టకటకల బండి, సగం వేగంలో స్టీలు గ్లాసు" అని రాశా. మర్నాడు లిస్టు వచ్చింది. సంగీతం కింద నా పేరు లేదు. కామెడీ కింద ఉంది. కమిటీ కుర్రాణ్ణి అడిగితే "సార్, జనం ఎంజాయ్ చేస్తారు సార్" అన్నాడు. పాపం వాడి తప్పేం ఉంది.

మానేద్దామనుకున్నా. మా పాపే "పోనీ నాన్నా, నవ్వితే నవ్వనీ" అంది. వెళ్ళాం. దువ్వెన తియ్యగానే నవ్వారు. స్టేజి మైకుకి మట్టి ఫిడేలు వినపడలేదు, మైకు దగ్గరికి జరిగితే కుయ్‌మని ఫీడ్‌బ్యాక్, అప్పుడింకా నవ్వారు. బండి మొదలయ్యాక ఓ నిమిషం పాటు ఎవరూ నవ్వలేదని మా ఆవిడ చెప్పింది, నేను గమనించలేదు. కామెడీలో మూడో బహుమతి. కాఫీ మగ్గు. దాన్ని కూడా ఇప్పుడు చెంచాతో కొడుతున్నాం, మంచి గొంతే.

నిజం చెప్పొద్దూ, మేం చేసేదాంట్లో ముప్పాతిక భాగం వినలేం. కొత్తగా చేశాం కదా అని అన్నీ బాగుండవు. శ్రుతి అన్నది బొమ్మల్లో దొరకదు, రెండు కొబ్బరాకు బూరలు ఒక స్థాయిలో పలకవు. "ఇది శబ్దం, సంగీతం కాదు" అని మా పెదనాన్నగారు తేల్చేశారు. ఆయన త్యాగరాజ కీర్తనలు పాడతారు, ఆయన చెవి మీద నాకు గౌరవం ఉంది. క్లాసులు మాన్పించమని నేనూ అనట్లేదు, మా పాప కీబోర్డు క్లాసుకి ఇప్పటికీ వెళ్తోంది. విచిత్రంగా ఇప్పుడు ఇష్టంగా వెళ్తోంది. కాకపోతే పెదనాన్నగారికి నేనొక్కటే చెప్పా. వంద శబ్దాల్లోంచి ఇది వద్దు, ఇది కావాలి అని ఆ పిల్ల ఏరుతోంది, ఏరినదాన్ని మళ్ళీ అలాగే మోగించడానికి రెండు గంటలు కూర్చుంటోంది. కీబోర్డు ముందు పది నిమిషాలు కూర్చోనిది. దాన్నేమంటారో మీరే పేరు పెట్టండి అన్నా. ఆయన ఏం అనలేదు, ఒప్పుకున్నారని కాదు.

మా నాన్న నేతపనివాడు. గుంట మగ్గం మీద నిజాం అంచు చీరలు నేశాడు, ఆరేళ్ళ కింద మోకాళ్ళు సహకరించక ఆపేశాడు. ఆ గుంట పూడ్చి సిమెంటు చేయించింది నేనే, ఆ గది నాకు వర్క్ ఫ్రమ్ హోమ్‌కి కావాలని. మగ్గం శబ్దం రికార్డ్ చేసి పెట్టుకోవాలన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. చిన్నప్పుడు అదే నా అలారం. తాడు లాగితే నాడె వెళ్ళి పెట్టెకి కొట్టుకోవడం, వెంటనే పన్నె దెబ్బ. టక్-ధడ్, టక్-ధడ్.

మొన్న ఆదివారం ఆయనకి మా టకటకల బండి రికార్డింగు వినిపించాం. కళ్ళు మూసుకుని విని, "ఒక దెబ్బ తక్కువ పడుతోందిరా. నాడె ఇరుక్కున్న మగ్గంలా ఉంది" అన్నాడు. బండి తీసి చూస్తే నిజమే, ఇరుసు మీద ఒక పన్ను విరిగిపోయింది. బాల్కనీలోకి విసిరిన రోజు విరిగి ఉంటుంది. నేను వందసార్లు విన్నా పట్టుకోలేదు. ఫెవికాల్ పెట్టి పుల్ల అతికిద్దామని కూర్చుంటే మా పాప బండి లాగేసుకుంది. "వద్దు, అక్కడ ఆగితేనే బావుంది" అంది. కొత్త పాటంతా ఆ ఖాళీ చుట్టూనే కట్టిందట.

ప్రస్తుతం దాని కళ్ళు కొండ మీద పడ్డాయి. పానకాలస్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తుంటే గుటకలేసిన చప్పుడు అవుతుంది కదా, ఆ గుటక దాని పాటలోకి కావాలి. గుళ్ళోకి ఫోను తీసి పట్టుకుని నిలబడనని నేను ఖరాఖండిగా చెప్పేశా. అందుకని పెరట్లో సన్నమూతి సీసాలు పెట్టుకుని ప్రయోగాలు. బెల్లం నీళ్ళే కావాలంది, మామూలు నీళ్ళతో రాదట. చుట్టూ చీమలు. గంటసేపు సీసా తరవాత సీసా గుడగుడమని వంచుతుంటే మా నాన్న అరుగు మీంచి చూసి చూసి విసుక్కున్నాడు.

"సీసా మొత్తం పోసేస్తారేంటే? స్వామి సగమే తాగుతాడు. సగంలో ఆపు, అప్పుడు విను."